కొత్త ఇనుము

15 సెప్టెంబర్ 2024

బండి అమ్మను. ఎవరేమన్నా సరే, అమ్మను.

ఇవాళ షాద్‌నగర్ రేసు ట్రాక్ మీద నా కారు బ్రేకులు పోయాయి. పోయాయంటే పూర్తిగా కాదు. పొడుగు రోడ్డు చివర తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. మలుపు తిరగాల్సిన బండి నేరుగా మట్టిలోకి పోయింది. నాకేం కాలేదు. తాడు కట్టి లాగాక అక్కడున్న తెల్ల బూట్లాయన, "మేడం గొర్ల బండి నడిపినట్టు నడుపుతున్నరు" అన్నాడు. నలుగురు నవ్వారు.

"ఔ సార్, గొర్ల బండే నడుపుత. ఎనుక డీసీఎం నిండ గొర్లు నిలవడ్డంక మీరొక్కనాడు నడిపి సూపియ్యుండ్రి" అన్నాను.

మా ఊరు రామన్నపేటకు వచ్చి, గొర్రెలు తోలే అదే డీసీఎం లారీలోంచి బండిని దించుతుంటే అన్న రాజేశ్ ముందు చక్రం దగ్గర కూర్చుని లోపలికి వేలు పెట్టి చూపించాడు. బ్రేకు డిస్కు మీద ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా వెంట్రుకంత పగులు. అవతలి చక్రానికీ అంతే.

"గిది ఇరిగిపోతే నువ్వు ఇంటికొస్తుంటివా?"

"ఇరగలే గదా అన్నా."

"ఇగ సాలు స్నేహా. హైదరాబాదాయన కొంటనని అడుగుతనే ఉన్నడు. ఇచ్చెయ్."

"ఇయ్య."

"సచ్చినంక ఇస్తవా?"

మంచం మీంచి అవ్వ, మా నాయనమ్మ, "గట్ల నోరు జారకురా" అని కసిరింది. నాకు కోపం నషాళానికంటింది. కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు నేనే చూసి వేయిస్తానని, దసరా పోయాక మళ్ళీ ట్రాక్ మీదికి పోతానని, అప్పుడు గనక బ్రేకులు పట్టక బండి రోడ్డు దిగితే నా చేతులతో నేనే అమ్మేస్తానని అనేశాను.

"మాటేనా?"

"మాటే."

అవ్వ ముందర అన్న మాట అది. బాపు పోయాక అవ్వ ముందర అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నేనూ తీసుకోను. అవసరమే రాదు.

18 సెప్టెంబర్

చిట్యాల రోడ్డు మీద సైదులు షెడ్డుకు పోయాను. మా రెండు డీసీఎంలకూ మెకానిక్కు అతనే. ఈ బండి మీద చెయ్యి వేసినప్పుడల్లా ముందు చొక్కాకు తుడుచుకుంటాడు.

"అక్కా, రంధ్రాలయే మళ్ల ఏద్దాం. చక్రంల కెల్లి కనవడ్తె షోకుంటది."

"పగులు వచ్చిందే ఆ రంధ్రాల కాడికెల్లి సైదులూ. నాకు షోకొద్దు, ఆగాలె."

మూడు రోజుల నుంచి ఫోనులో ఇదే చదువుతున్నాను. రంధ్రాలు వద్దు. వెనక్కి నున్నటివి, ముందుకు గీతలు చెక్కినవి. లోపల గాలి ఆడేందుకు సందులుండాలి. గీతల డిస్కు తనను నొక్కిపట్టే ప్యాడ్లను తొందరగా తినేస్తుంది, తిననీ. ప్యాడ్ల దగ్గరే ఇద్దరం వాదించుకున్నాం. ఇప్పుడున్నవి రోడ్డు ప్యాడ్లు. తొక్కగానే పడతాయి, బాగా వేడెక్కితే చేతులెత్తేస్తాయి. నాకు కావలసింది ట్రాక్ ప్యాడ్లు.

"గవి సల్లగున్నప్పుడు పట్టయక్కా. కీసుమని ఒర్లుతయ్. రోడ్డు మీద పరేషానైతవ్."

"రోడ్డు మీద నడిపేదెవరు? డీసీఎంల పోతది, డీసీఎంల వస్తది."

అతను తల గోక్కున్నాడు. నేను ఫోను తీసి ఆర్డరు పెట్టాను. బ్రేకు ఆయిలు కూడా ఎక్కువ వేడిని తట్టుకునేదే తెప్పిస్తున్నాను. ఆదివారం పెడల్ మెత్తబడింది పాత ఆయిలు మరిగే.

22 సెప్టెంబర్

పుష్ప వదిన బియ్యం ఏరుతూ అడిగింది, "రెండు సీట్ల బండి ఎందుకే? రేప్పొద్దున పిల్లలుంటే యాడ కూసుంటరు?"

మూడేళ్ళ కింద కాపురం వదిలేసి వచ్చిన దాన్ని పట్టుకుని అడిగే మాటేనా ఇది. ఆ ఇంట్లో కిరాణా దుకాణానికి పోవాలన్నా అడిగి పోయేదాన్ని. ఈ బండిలో ఎక్కడ తొక్కాలో, ఎక్కడ వదలాలో ఎవరినీ అడగను. అందుకే రెండు సీట్లు. ఒకటి నాది, ఇంకోటి ఖాళీ.

30 సెప్టెంబర్

డిస్కులు వచ్చాయి. పెట్టె విప్పుతుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏందే ఇది, తిరుగలి రాయోలె ఉన్నది?"

"బండిని ఆపేది ఇదే అవ్వా. ఇది మంచిగుంటే నేను మంచిగుంట."

అవ్వ బొటనవేలి గోరుతో అంచు మీద గీసి చూసింది. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరను అలాగే చూసేది. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరి మందకైనా కత్తెర పడితే మా అవ్వ నర్సింగమ్మే రావాలనేవారు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని వదిన పొయ్యి కూడా అంటించనివ్వదు.

"ఎంత తెల్లగున్నదే" అని చాలాసేపు నిమురుతూ కూర్చుంది.

6 అక్టోబర్

బిగించాం. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవాలి కదా, ఖాళీ రోడ్డు మీద వేగంగా పోవడం, ఆపకుండా నెమ్మది చేయడం, మళ్ళీ పోవడం. తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా తిప్పడం. మొదట్లో పట్టలేదు, వేడెక్కాక ముఖం అద్దానికి కొట్టుకునేంత పట్టాయి. కీసుమని అరిచిన అరుపుకు దారి పక్క మేకలు చెట్టుకొకటి పుట్టకొకటి పారిపోయాయి. వాటిని కాసే ముసలాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎంత సంతోషంగా ఉందో.

12 అక్టోబర్, దసరా

నిన్న సాయంత్రం రెండు డీసీఎంలనూ, నా బండినీ కడిగి పెట్టాను. పొద్దున లేచేసరికి కొత్త డిస్కుల మీద ఎర్రటి తుప్పు. నీళ్ళు తగిలితే అంతే. రెండుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది.

వదిన పళ్ళెం పట్టుకుని బండ్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టింది. పక్కన పీట మీద కత్తెరలు, గొడ్డలి, కొడవలి. వాటికి అన్న ఆముదం రాశాడు, వదిన బొట్లు పెట్టింది. అవ్వ ఎప్పటిలాగే దూరంగా అరుగు మీద కూర్చుంది. తాత పోయినప్పటి నుంచి కుంకుమ పళ్ళెం ఆమె చేతికి ఇవ్వరు. తను జీవితమంతా పట్టిన కత్తెరకు కూడా తను బొట్టు పెట్టకూడదు.

కాపురం వదిలి వచ్చిన దాన్ననేమో, నన్నూ "నువ్వు జర పక్కకు నిలవడు స్నేహా" అంది వదిన. నా బండికి! అన్న చేతిలో కొబ్బరికాయ లాక్కుని నేనే కొట్టాను. ఒక్క దెబ్బకు పగిలింది. అవ్వ అరుగు మీంచి నవ్వింది.

20 అక్టోబర్

మాట పోయింది.

21 అక్టోబర్

నిన్న ఇంకేం రాయలేకపోయాను, కుడి మణికట్టు బెణికింది. ఇవాళ కట్టు కట్టుకునే రాస్తున్నాను.

వారమంతా సంతలకు గొర్రెలు తోలడమే సరిపోయింది, బండి మీద కప్పిన గుడ్డ నిన్నటిదాకా తీయలేదు. చక్రాల నిండా దసరా పసుపు. గొర్రెల్ని ఎక్కించే దిబ్బ మీంచి డీసీఎంలోకి ఎక్కిస్తుంటే బ్రేకు ఆలస్యంగా పట్టింది. చల్లటి ప్యాడ్లు కదా అనుకున్నాను.

ట్రాక్ మీద మొదటి చుట్టు నెమ్మదిగా పోయాను, అంతంతమాత్రంగా ఆగింది. వేడెక్కాలి అనుకున్నాను. రెండో చుట్టు కీసుమని అరవాల్సినవి అరవలేదు. మంచిదే అనుకున్నాను. ఎన్ని అనుకున్నానో! మూడో చుట్టు పొడుగు రోడ్డు మీద పూర్తిగా తొక్కి, చివర బ్రేకు మీద నిలబడ్డాను. పోయినసారి పెడల్ మెత్తబడింది. ఈసారి రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. మట్టి దాటి పాత టైర్ల గోడను గుద్దుకుంది. ముందు బంపరు ఊడిపోయింది. తెల్ల బూట్లాయనే ముందు ఉరికి వచ్చి తలుపు తీశాడు. నీళ్ళిచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

అన్న అరవలేదు. "మాట యాదున్నదా?" అన్నాడు, అంతే. ఉంది.

23 అక్టోబర్

సైదులు చక్రం విప్పాడు. డిస్కు గీతల నిండా ఏదో పేరుకుని ఉంది. జిగట, పచ్చటి జిగట. ప్యాడ్లు నల్లగా మెరుస్తున్నాయి. అతను వాసన చూసి నావైపు చూశాడు, నేను ఇంకోవైపు చూశాను.

పార్సిల్‌లో పంపేటప్పుడు పూసిన గ్రీజు అయి ఉంటుంది. అలా పూస్తారట, తుప్పు పట్టకుండా. మేమే సరిగ్గా తుడవలేదు.

24 అక్టోబర్

గ్రీజే.

25 అక్టోబర్

గ్రీజులో పసుపు ఉండదు. గ్రీజుకు ఆముదం వాసన రాదు.

26 అక్టోబర్

వదిన టైరు మీద బొట్లు పెట్టింది, చక్రం లోపలికి చెయ్యి పెట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాను. లోపలుండే డిస్కు గురించి ఈ ఇంట్లో నేను చెప్పింది ఒక్కరికే. ఇది మంచిగుంటే నేను మంచిగుంట అని చెప్పాను. కొత్త ఇనుము తుప్పు పడితే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. కత్తెరకు ఎలా రాస్తారో అలాగే రాసింది, నూనె, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ. ఎవరూ లేనప్పుడు రాసి ఉంటుంది. ఎవరైనా ఉంటే రాయనిస్తారా?

అవ్వ ఇవాళ నా కట్టు విప్పి వేడి ఉప్పు కాపడం పెట్టింది. "బ్రేకులు ఎట్ల పోయినయే బిడ్డా?" అని అడిగింది. తెలియదన్నాను.

28 అక్టోబర్

అన్న సైదులు షెడ్డు మీదికి పోయి నానా మాటలూ అన్నాడు. ఇకనుంచి మన డీసీఎంలు వేరే షెడ్డుకు పోతాయట. సైదులు నా పేరు గానీ, చూసింది గానీ చెప్పలేదు. సాయంత్రం ఫోను చేస్తే, "నువ్వే జెప్పాలక్కా, నేను జెప్తే బాగుండది" అన్నాడు.

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. అవ్వ చేతిలోంచి పొయ్యి తీసేసుకున్నారు. బీరువా తాళాలు తీసేసుకున్నారు. ఇక ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా "ముట్టకు అవ్వా, మొన్న స్నేహకు ఏమైందో యాదిలేదా" అని వదిన అంటూనే ఉంటుంది. మనిషిని మూలన కూర్చోబెట్టేస్తారు.

చెప్పను. బండి అమ్మేస్తే ఏమవుతుంది? ఇనుమే కదా. నాకు డీసీఎం ఉంది. డీసీఎం కూడా బండే. ట్రాక్ అంటే ఏంటి, ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వస్తాం. పెద్దగా పోగొట్టుకునేది ఏం లేదు. సైదులుకు మాత్రం అన్న చేత సారీ చెప్పిస్తాను, ఎలాగో ఒకలా.

3 నవంబర్

మొత్తం రాయాలి. ఒక్క ముక్క కూడా మరిచిపోకూడదు.

హైదరాబాదాయన వచ్చాడు. బండి చుట్టూ తిరుగుతున్నాడు. అన్న కుర్చీలు వేశాడు, వదిన చాయ్ తెచ్చింది. అవ్వ కర్ర పట్టుకుని అరుగు దిగి వచ్చింది.

"ఎవరే ఈయన?"

"బండి కొంటడట అవ్వా."

"నువ్వు అమ్మనంటివి గదా?"

"మాటిచ్చిన గదా. బ్రేకులు పట్టలె, బండి రోడ్డు దిగింది."

"ఎట్ల పట్టవ్?" అవ్వ గొంతు పెంచింది. "మంచిగ ఆముదం రాస్తి గదనే! తుప్పు పట్టుంటే పట్టగుడ్డతోని తుడిసి, రెండు చక్రాలకు ఎంత నున్నగ రాసిన, పసుపు వెట్టిన, కుంకుమ వెట్టిన. నీకే వెట్టినట్టు వెట్టిన!"

అన్న కుర్చీలోంచి లేచాడు. వదిన చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది. హైదరాబాదాయన చాయ్ గ్లాసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక బండి కిందికి చూస్తున్నాడు.

"బ్రేకుకు నూనె రాస్తవా అవ్వా?" అన్న అరిచాడు. "పిల్ల సస్తుండె!"

అవ్వ నావైపు చూసింది. ఆ చూపు జన్మలో మరిచిపోలేను. "నూనె రాస్తే పట్టదా?" అని నన్నే అడిగింది, చాలా చిన్నగా. నేను అబద్ధం చెప్పలేకపోయాను.

వదిన అందుకుంది. "నేను జెప్తనే ఉన్న, ముసలామెను ఏది ముట్టనియ్యొద్దని. బొట్టు వెట్టొద్దన్నంక గూడ..."

అప్పుడు నాకు తిక్క రేగింది. మూడేళ్ళుగా మింగినదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"వెడ్తది వదినా! అవ్వ వెడ్తది. కత్తెరకు వెడ్తది, బండికి వెడ్తది. జీవితమంత కత్తెర పట్టిన చెయ్యి అది. తుప్పు పడ్తె నూనె రాయాలని మనకు నేర్పింది ఆమెనే. బ్రేకుకు రాయొద్దని ఎవరన్న జెప్పిన్రా? నేను జెప్పిన్నా? తాత పోయిండని బొట్టు వెట్టనియ్యకుంటిరి, అందుకే గదా ఎవరు లేనప్పుడు పోయి రాసింది! అందరి ముందట రాస్తే అప్పుడే జూసి కడిగేదాన్ని!"

అవ్వ కర్ర నేలకు గట్టిగా ఆనించి నిలబడింది.

"రాజేశా. తప్పు నాది. పిల్లది గాదు, సైదులుది గాదు, గా ఇనుముది గాదు. మాట పిల్ల తన బ్రేకుల మీద ఇచ్చింది, నా నూనె మీద ఇయ్యలె. ఇంకోపారి పోయి వస్తది. నా ముందట ఇచ్చిన మాట, నేనే జెప్తున్న." తర్వాత హైదరాబాదాయన వైపు తిరిగి, "సాయ తాగి పో బిడ్డా. బండి అమ్మం" అంది.

ఆయన చాయ్ తాగే పోయాడు.

4 నవంబర్

అవ్వ నిన్నటి నుంచి తినలేదు. అందరి ముందూ అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంది.

"సంపేదాన్నే బిడ్డా నిన్ను."

"సంపలె గదా."

"నీ రెక్కకు కట్టు కట్టి, ఎట్ల పోయినయని మళ్ల నిన్నే అడిగితి."

ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత జొన్న గటక కలిపి ముందు పెట్టి, "నువ్వు తినకుంటే నేను ట్రాక్‌కు పోను, నీ మాట పోతది" అన్నాను. తిట్టుకుంటూ తిన్నది.

8 నవంబర్

బండిని డీసీఎం వెనకా, అవ్వను ముందు సీట్లోనూ ఎక్కించుకుని సైదులు షెడ్డుకు తీసుకుపోయాను. అన్న కూడా వెనక బైకు మీద వచ్చాడు. సైదులుతో "మొన్న జర ఎక్కువ మాట్లాడిన" అన్నాడు. సైదులు "గది అయిపోయిందన్నా" అని స్టూలు తుడిచి అవ్వకు వేశాడు.

డిస్కులు పాడుకాలేదు. నూనె వదిలించే మందుతో కడిగి, గరుకు కాగితంతో రుద్దితే మళ్ళీ తెల్లబడ్డాయి. ప్యాడ్లు మాత్రం నూనె తాగేశాయి, పనికిరావు. మళ్ళీ ప్యాడ్ల పేచీ. సైదులు ఈసారి మధ్యరకంవి వేద్దామన్నాడు, చల్లగా ఉన్నా కొంత పడతాయట. అన్న కూడా అదే మంచిదన్నాడు. నేను ఒప్పుకోలేదు. పోయినసారి నేను ఎంచుకున్నది తప్పు కాదు. తప్పు కాని దాన్ని ఎందుకు మార్చాలి? అవే ప్యాడ్లు, అదే రకం, మళ్ళీ తెప్పిస్తున్నాను.

"గామె జెప్పిందే తెప్పియ్యుండ్రి" అంది అవ్వ స్టూలు మీంచి.

తర్వాత రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని, డిస్కును దూరం నుంచే చూసింది. ఎంత పిలిచినా ముట్టుకోలేదు. దానికే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధేసింది.

17 నవంబర్

షాద్‌నగర్ నుంచి ఇప్పుడే వచ్చాం. వచ్చాం అంటే నేను, అవ్వ, అన్న. డీసీఎం అన్నే నడిపాడు. నా బండి వెనక, మేం ముగ్గురం ముందు. దారి పొడుగునా అన్న బ్రేకు గట్టిగా తొక్కినప్పుడల్లా అవ్వ, "మెల్లగ తొక్కురా, ఎనుక బండి ఉన్నది" అంది, వెనక గొర్రెలున్నట్టే.

ట్రాక్ దగ్గర అవ్వకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది తెల్ల బూట్లాయనే. నేను షూ వేసుకోబోతుంటే అవ్వ పిలిచింది. కొంగు ముడి విప్పింది. చిన్న డబ్బా, అందులో పసుపు. అన్న మొహం చూడాలి అప్పుడు.

"బండికి గాదు తియ్. కాలు సాపు. తొక్కే కాలు."

నేను కాలు చాపాను. కట్టుకున్నవాణ్ని వదిలేసి వచ్చిన ఆడదాని కాలికి, తాత పోయిన అవ్వ, అంతమంది మగవాళ్ళ ముందర పసుపు రాసింది. చేతులు వణికాయి, అయినా అంచు తప్పకుండా రాసింది.

"నూనె కలపలేదే. ఒట్టి నీళ్ళే" అంది.

మొదటి చుట్టు పట్టీపట్టనట్టు పట్టాయి. రెండో చుట్టు కీసుమని అరిచాయి. ఆ అరుపు వినగానే హెల్మెట్‌లో గట్టిగా నవ్వాను. పొడుగు రోడ్డు చివర, పోయిన రెండుసార్లూ మట్టిలోకి పోయిన చోటే, మిగతావాళ్ళంతా బ్రేకు తొక్కే గుర్తు దాకా ఆగి, దాన్ని కూడా దాటాకే తొక్కాను. బెల్టు భుజాలను కోసేసింది. బండి ముక్కు నేలకు వంగి, మలుపు దగ్గర నా మాట విని తిరిగింది. తర్వాతి చుట్టు, ఆ తర్వాతిది, జెండా ఊపే దాకా అంతే.

దిగి వచ్చాక అన్న నేరుగా చక్రం దగ్గరికి పోయి డిస్కును చూసి లేచాడు. "పగుళ్ళు లేవు" అన్నాడు. "మళ్ల ఎప్పుడు పెడ్తరంట?" అని అడిగాడు. నెలకొకసారి అన్నాను. "సంత లేని ఆదివారం జూస్కో, నేనే తోల్కొస్త" అన్నాడు.

అవ్వ కుర్చీలోంచి లేవకుండానే అడిగింది.

"పట్టినయా?"

"పట్టినయ్ అవ్వా."

"మరి రేపు వాన వడి తుప్పు వడితే?"

"తుప్పు వట్టినా పడతయ్. రెండుసార్లు తొక్కితే తుప్పే పోతది."

అవ్వ కర్రెత్తి నా కాలి మీద చిన్నగా కొట్టింది, పసుపు రాసిన కాలి మీదే.

"గా ముచ్చట దసరాకు ముందే జెప్పరాదా?"